హాజరు పట్టీ

వలేటివారిపాలెం బడి, ఏడో తరగతి.
"మాలకొండయ్యా" అంటే
నలుగురు లేస్తారు.

పొగాకు బ్యారన్ పక్కింటివాడు,
గేదెలోళ్ల వాడు,
చొక్కాకి పిన్నీసు పెట్టుకొచ్చేవాడు.
అట్టా గుర్తుపెట్టుకున్నా.

నాలుగోవాడు
పేరు మార్చమని అర్జీ రాసుకొచ్చాడు:
రిత్విక్.
రెండు తప్పులున్నాయి అందులో.

వాళ్లమ్మని పిలిపించా.
మిరపకోతల నుంచి అట్టే వచ్చింది,
చేతులు కొంగులో చుట్టుకుని.

"ముగ్గురు పోయినాక వీడు సారూ.
మంగళారం పుట్టాడు.
కొండ మీద శనివారమే గదా తలుపు తీసేది.
అందాకా
పేరు లేకుండానే ఒళ్లో దాచుకున్నా.
పిలిస్తే
ఎవరికన్నా వినపడుద్దేమోనని."

అర్జీ జేబులోనే ఉంది.

మర్నాడు పిలిస్తే
ముగ్గురే లేచారు.

ఇంకోసారి పిలిచా,
మెల్లగా.