సొట్ట డబ్బాలు

మా అక్క లియొనీల్దా మొహానికి రంగేసుకుందని
మా ఇంట్లో ఎవరూ ఏడవలేదు.
ఎర్మీనియు మావయ్య మాత్రం కుర్చీ వెనక్కి జరిపి
"అది సరే, పనేం చేస్తుంది?" అన్నాడు.
పదకొండేళ్లయింది.
క్రిస్మస్ రాత్రి ఉప్పుచేప పళ్లెం చేతులు మారేటప్పుడు
అదే ప్రశ్న. అదే కుర్చీ కిర్రుమనడం.

మతొజీన్యుష్ రేవులో మాది సార్డీన్ల ఇల్లు.
నాన్న పడవ మీద, నేను లారీ మీద,
అమ్మ ఫ్యాక్టరీలో తలలు తుంచి డబ్బాల్లో పేరుస్తూ.
చేతులు నీచువాసన కొడితేనే
పనికి వెళ్లొచ్చినట్టు మాకు.
అక్క చేతులు పౌడరు వాసన.

చిన్నప్పుడు కడుపునొప్పని బడి ఎగ్గొడితే
"నాటకాలాడకు" అని అమ్మ దుప్పటి లాగేసేది.
ఆ మాట ఇప్పుడు ఇంట్లో ఎవరమూ అనం.
నోటిదాకా వచ్చి
ముల్లులా నాలుక మీద ఆగి
ఉప్పు అందుకోమనడంగా మారిపోతుంది.

రొట్టెల కొట్టు దగ్గర ఎవరైనా అడిగితే
"పోర్తోలో టీచరు" అంటుంది అమ్మ.
అమ్మ మాట అబద్ధం కాకూడదని
శనివారాలు పిల్లలకి గొంతెత్తడం నేర్పుతోంది అక్క.
దెయొలీందా పిన్నిది ఇంకో దారి:
"టీవీ సీరియల్లో వచ్చిన రోజు చెప్పు,
వీధంతా నేనే చెప్పుకొస్తాను."

నెలకోసారి అమ్మ
అమ్మకానికి పనికిరాని సొట్ట డబ్బాలు
సంచి నిండా కట్టి నా లారీ ఎక్కిస్తుంది.
"చేప బాగానే ఉంటుంది, రేకే వంకర."

ఫిబ్రవరిలో ఒక రాత్రి, వాన,
అక్క గదికి తాళం.
సంచీ భుజాన వేసుకుని
టైర్ల షాపు వెనక గ్యారేజీ వెతుక్కుంటూ వెళ్లాను.
నలభై ఒక్క కుర్చీలు.
సరుకు దించేవాణ్ణి, లెక్కపెట్టకుండా ఉండలేను.
జనం ముప్పై నలుగురు, నన్ను కలిపి.

వేదిక అంచున వరసగా బల్బులు,
ఒక్కోదాని వెనక విప్పి సాగదీసిన మా డబ్బా రేకు.
లోపలి వైపు అంత బంగారు రంగని
ముప్పై ఏళ్లు మూతలు వేసిన వాళ్లకి తెలుసా?

ముసలాడొకడు వచ్చాడు. టోపీ, బకెట్టు.
చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.
తర్వాత దగ్గాడు.
రెండు చిన్నవి, ఒకటి పొడుగుది,
ఆ పొడుగుది అయ్యాక
పక్కన గోడ కోసం తడుముకునే చెయ్యి.

నాన్న దగ్గు.

జనం నవ్వారు.
నేను లేచి నిలబడ్డాను, ఎవర్ని కొట్టాలో తెలియక.
దగ్గు ఆగలేదు. వాళ్ల నవ్వు ఆగింది.
ముందు వరసలో ఒకామె గొడుగు మడతపెట్టి
తన నోటికి అడ్డం పెట్టుకుంది.
నేను కూర్చున్నాను, నా కుర్చీలోనో, పక్కదాంట్లోనో.

అక్కని కలవలేదు.
సంచీ తలుపు దగ్గర పెట్టి వచ్చేశాను.

ఇంట్లో వంటగది లైటు.
నాన్న నారింజ ఒలుస్తున్నాడు, తొక్క తెగకుండా.
తలెత్తకుండానే
"ఎంతమంది?" అన్నాడు.
"ముప్పై నలుగురు."
"వానలో," అన్నాడు, "తక్కువేం కాదు."
సగం నారింజ నా వైపు తోశాడు.
"ఏం వేషం?"
"ముసలాడు."

ఊఁ, అనబోయి దగ్గాడు.
రెండు చిన్నవి. ఒకటి పొడుగుది.
చెయ్యి గోడని వెతికి పట్టుకుంది.

"అక్కడ గోడ లేదు నాన్నా.
గాలినే పట్టుకుంది."

చాలాసేపు తొనలోంచి గింజలు తీస్తూ కూర్చున్నాడు.
"పడిపోలేదు కదా?"

"లేదు."