గొంతుకి బొటనేలుండదు

గునుపురం సంతలో పద్దెనిమిదేళ్ళుగా
ఎండుసేపలు తూస్తన్నాను.
నెత్తళ్ళలో ఇసకెంత, కవళ్ళలో ఉప్పెంత
సేత్తో ఎత్తితే సెప్పీగల్ను.
తక్కిడి అంచుమీద బొటనేలు ఆనించీవోడిని
మూడు దుకాణాల అవతలనుంచి పట్టీగల్ను.
దొంగనోటుని ఎండకెత్తక్కర్నేదు,
గరుకు సాలు.
అలాటి నన్ను
ముసురు పట్టిన మజ్జానం
ఒక గొంతు తూసీసింది.

"పిన్నీ," అన్నాడు.
"బేంకునుంచి. అక్కడా సినుకులేనా?"

బేంకు నాతో తెలుగులో మాటాడ్డం
అదే మొదలు.
కౌంటరు కాడ పిల్లోడు ఒడియాలో కసురుతాడు,
కాయితం ఇంగిలీసులో ఉంటాది,
డబ్బులిచ్చే మిసను మూడు బాసలు సూపించి
నీదేదని అడుగుతాది.
నాది అందులో నేదు.
ఇన్నాళ్ళకి ఒకడు
మా టెక్కలి పక్క సాగదీతతో
"తిన్నావేటి పిన్నీ" అంటే
వానలో గొడుగు మూసినట్టు
తెలివి మూసీసినాను.

కార్డు ఆగిపోతాదంట రాతిరికి.
ముందర పదారంకెలు సదివినాను,
నాలుగేసి నాలుగేసి, కుప్పలు పోసినట్టు.
ఎనకాల మూడు.
గడువు ఏ నెలకో, అదీ.
అప్పుడు ఫోను కిణుక్కుమంది. ఆరంకెలు.
కింద ఇంగిలీసులో ఏదో రాసుంది.
ఎవులికీ సెప్పొద్దని రాసుందని
తరవాత తెలిసింది.
కొసరడిగితే ఏసినట్టు
అవీ ఏసీసినాను.

ఇరవైఒక్క వెయ్యి నాలుగొందలు.
రెండు మూటల సావిడాయలకి దాసినవి.

పక్కన విస్తరాకులమ్మే సుకాంతి సబర
నా మొకం సూసి ఫోను లాక్కుంది.
కార్డు ఎనకాలున్న నెంబరుకి కొట్టి ఆపించింది.
పందొమ్మిది ముప్పైకి కొట్టి
తన బాసలోనూ వాళ్ళ బాసలోనూ అరిసింది.
అరగంట దాటనేదు కాబట్టి
తొమ్మిదివేలు దారిలో ఆగినాయి.
మిగిలినవి ఏ ఊరి మిసన్లోంచి
ఏ సేతిలో పడ్డాయో.

డబ్బుకి ఒక్క రాత్రి ఏడిసినాను.
ఆ పిలుపుకి ఇంకా మంట తగ్గనేదు.
"పిన్నీ" అనడం ఆడికి ఎవులో నేర్పుంటారు,
ఒళ్ళో కూకోబెట్టుకుని.
ఆ మాటనే తీసి
తక్కిడి కింద సింతపండులాగ అంటించినాడు.

ఇపుడు నెత్తళ్ళు పొట్లం కడతా
కొన్నోళ్ళకి ఇదే సెప్తన్నాను:
బేంకోడు నంబరు అడగడమ్మా,
ఆడి దగ్గిరే ఉంటాదది.
తొందర పెట్టినోడు కొనీవోడు కాదు.
నవ్వుతారు.
కొందరు, ఆ మాటకి ఓ గుప్పెడు ఎక్కువెయ్యమంటారు.

మొన్న మా అక్క కొడుకు తవిటయ్య
నిజంగానే ఫోను సేసి "పిన్నీ" అన్నాడు.
"ఎవుల పిన్ని?" అన్నాను.
"మా అమ్మ పెంచిన మేక పేరేటి?" అన్నాను.
అలిగి పెట్టీసినాడు.
రెండ్రోజులకి మల్లీ సేసి
వొట్టి ఒక్క మాట, "బూడిదమ్మ," అన్నాడు.
అప్పుడడిగినాను, తిన్నావేటిరా అని.

మిసను కాడికెల్తే పైట కప్పి నొక్కుతాను.
ఒకటుంది గాని, నవ్వకండి.
నా ఏళ్ళు ఎంత కడిగినా సేప వాసన పోదు.
నాను నొక్కిన నాలుగు మీటలూ
ఎనకొచ్చినోడి ముక్కుకి దొరికిపోతాయేమో.
అందుకే డబ్బు తీసుకున్నాక
ఒకటినుంచి సున్నాదాకా
పదీ ఒకసారి నిమిరి వస్తాను.
వరసలో నిలబడ్డ పేంటూ సొక్కా పెద్దమనిసి
ముక్కు మూసుకుంటాడు.

మూసుకోనీ.