ఏడో నంబరు గది

మరిక్కార్ సాయిబు ఇప్పుడు పొద్దున దిగి
సాయంత్రానికి ఎగిరిపోతున్నాడు.

గుంటూరు మిర్చి యార్డు ఎదుటి సందులో
పన్నెండు గదుల లాడ్జి నాది.
ఏటా ఫిబ్రవరిలో ఏడో నంబరు ఆయనది.
కొలంబోలో ఎక్కి, మద్రాసులో దిగి,
రాత్రి రైల్లో బెజవాడ,
అక్కణ్ణించి పాసింజరు,
గడప దాటకముందే ఒక తుమ్ము.
'వచ్చాను' అనడానికి ఆయనకి తెలిసిన తెలుగు అదే.

నాలుగు రాత్రులు.
తేజా ధర దిగేదాకా కదిలేవాడు కాదు.
గళ్ళ లుంగీ, ఆయన భాషలో సారం,
మేడమీద దండేనికి ఆరేది.
నా బీపీ మాత్రల వేళ ఆయనకి తెలుసు,
ఆయన రెండో కూతురి మార్కులు నాకు తెలుసు.

ఇప్పుడు రెండు దేశాలూ ఏదో కాగితం మీద సంతకం పెట్టాయట.
ఎవరి విమానం ఎక్కడైనా వాలొచ్చు,
వారానికి ఇన్నే అన్న లెక్క లేదు.
గన్నవరం నుంచి రెండు గంటలు,
ఒక టిక్కీ మిర్చికి ఒక టిక్కెట్టు.
మంచిదే, కాదనను.
ఆటో మస్తాన్ కారు కొన్నాడు గన్నవరం కిరాయిల మీద.
నా ఏడో గదిలోనే
దుప్పటి నలగడం లేదు.

ఆకాశం తెరుచుకుందని పేపర్లో రాశారు.
దానికి తలుపులుండేవని
నాకు అప్పుడే తెలిసింది.

మొన్న శుక్రవారం కారులోంచి
ఆయన వెనకే ఒకావిడ దిగింది. ఫరీనా.
పాతికేళ్ళుగా మా కాయ నూరుతున్న మనిషి,
పాత దారిలో ఇద్దరి ఖర్చు పడలేక
ఎన్నడూ రాని మనిషి.
వేలంపాట వద్దంది.
తొడిమలు తీసేవాళ్ళని చూపించమంది.

ముక్కుకి కొంగు కట్టుకున్న సలోమి, నాంచారమ్మల పక్కన
చతికిలబడి, ఒక్క కాయ తొడిమ తీసి,
ఏడు తుమ్ములు తుమ్మింది.
సలోమి పడీపడీ నవ్వి
మజ్జిగ గిన్నె ముందుకి జరిపింది,
మంటకి చేతులు ముంచుకోమని.
మాట ఒక్కటీ కలవలేదు.
గిన్నెలో మూడు జతల చేతులు, అంతే.

వెళ్ళేముందు గది చూస్తానంది,
అన్నేళ్ళు ఆయన ఏ కిటికీ పక్కన పడుకున్నాడో.
తాళం తీశాను.
మేకుకి ఇంకా ఆ పాత సారం.
దులిపి, మడిచి, సంచిలో పెట్టుకుంది.

ఏడున్నరకి విమానం.

విదేశీయులు దిగితే నింపి
స్టేషనుకి పంపే ఫారాలు
అరకట్ట మిగిలాయి నా దగ్గర.
వాటి వెనకవైపు
చాకలి పద్దు రాస్తున్నాను.