నూరేళ్ళ నిద్ర, ఆరున్నర షిఫ్టు

పొద్దున ఆరున్నరకి పంజాగుట్ట ల్యాబులో
మొదటి వేలు నా ముందుకొస్తుంది.
దూది, స్పిరిటు, చిన్న పోటు.
ఎర్రటి చుక్క తేలుతుంది.
అమ్మా అన్నవాళ్ళున్నారు, మొహం తిప్పుకున్నవాళ్ళున్నారు,
ఇరవై రెండేళ్ళలో
సూది గుచ్చుకుని నూరేళ్ళు నిద్రపోయినవాళ్ళు
ఒక్కరూ లేరు.

ఆ రాకుమారిని నేను మొదట చూసింది
నాలుగో తరగతిలో, బడి బీరువాలో,
అట్ట చిరిగిన బొమ్మల పుస్తకంలో.
చేతులు పొట్టమీద, ఒక్క వెంట్రుకా చెదరకుండా.
'అన్నేళ్ళు పడుకుంటే ఆకలెయ్యదా?' అంటే
టీచరు స్కేలుతో జవాబు చెప్పింది.

ఇప్పుడు నా బ్యాగులో, టిఫిను డబ్బా కింద,
అదే పిల్ల మళ్ళీ పుట్టింది.
ఈసారి నిద్ర నటిస్తోంది.
కదురు దిండు కింద దాచింది.
ముద్దుకి వంగిన రాకుమారుడితో
కళ్ళు తెరవకుండానే
'ముందు నీ పేరు చెప్పు' అంది.
నాకు నలభై తొమ్మిదేళ్ళు.
నిండు మెట్రోలో ఈల వెయ్యాలనిపించింది.

ఆదివారం ఆబిడ్స్‌లో, మూసిన షట్టర్ల ముందు
టార్పాలిన్ మీద రాజ్యాలు పరుస్తాడు నయీముద్దీన్.
ఇంటర్ గైడ్లకీ వాస్తు పుస్తకాలకీ మధ్య
నల్ల రెక్కలవాడొకడు, కిరీటం జారినదొకతె.
'పిల్లలకా మేడమ్?' అన్నాడు మొదటిసారి.
అవునన్నాను.
మా ఇంట్లో పిల్లల్లేరు.
ఇప్పుడిక అడగడు.
మూడో భాగం దొరికితే గోనెపట్టా కింద దాచి
'ఆగయా ఆప్‌కా రాక్షసుడు' అంటాడు.
ఎనభై రూపాయలు. రాక్షసులకి బేరం లేదు.

నాకు తెలుసు, అన్నీ ముందే తెలుసు.
మెడమీద కత్తి పెట్టినవాడే
రెండొందల పేజీకల్లా నుదుటిమీద తడిగుడ్డ వేస్తాడు.
వాడికి ఐదొందల ఏళ్ళు,
అలగడం తప్ప వేరే పనున్నట్టు కనపడదు.
వాన కురుస్తుంది, కనుమ దారి మూసుకుపోతుంది,
పూటకూళ్ళమ్మ దీపం పైకెత్తి
'మంచం ఒక్కటే ఉంది నాయనా' అంటుంది.
ఎప్పుడూ ఒక్కటే.
ఇన్ని రాజ్యాల్లో ఒక్క వడ్రంగీ లేడు.
ఉండకూడదనే నా మొక్కు.

'మోకాళ్ళకి నూనె రాసుకునే వయసులో ఇవేంటి?'
అట్ట చూసి పుష్పలీల మేడమ్ నవ్వింది.
ఆ రాత్రి పారేసిన ఈసీజీ కాగితం అట్టగా వేశాను.
ఎవరి గుండెదో,
మధ్యలో ఒకచోట తడబడింది.

ఇంటికెళ్ళే రైలు మూసీ దాటేటప్పుడు
ముక్కు మూసుకుని నేను మంత్రాల నదే దాటుతాను.

నాయనమ్మ కథల్లో మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉండేది.
ఆ బరువు మొయ్యడం ఇష్టమేనా అని
చిలకనెవరూ అడగలేదు.
నేనూ అడగలేదు, ఊ కొడుతూ నిద్రపోయాను.
నిన్న ఎవరో అడిగారు.
నాలుగొందల పదో పేజీలో చిలక నోరు తెరిచింది.

అప్పటికే పక్కసీట్లో ఒక పిల్ల,
మెడలో కోచింగ్ సెంటర్ ఐడీ కార్డు,
ఒళ్ళో ఫిజిక్స్ నోట్సు తలకిందులుగా,
నా భుజం మీదుగా చదువుతోంది.
ఈ పేజీ కోసం వారం రోజులు దాచుకున్నాను,
కొంచెం ఒళ్ళు మండింది.
చిలక మొదటిమాట అయింది, రెండోది అయింది,
పేజీ చివర వేలు పెట్టాను.
'తిప్పకండి ఆంటీ,
నాకింకా నాలుగు లైన్లున్నయ్.'

దిల్‌సుఖ్‌నగర్ వచ్చింది.
నా స్టేషనే.
తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి.

'ఊ' అంది పిల్ల.
తిప్పాను.