మెంతినీళ్ళ రంగు

ఫోన్లో దుబాసీని నేను.
గోథెన్‌బర్గ్‌లో, నా వంటింటి స్టూలు మీద,
పగలంతా ఇతరుల నోరునవుతాను.
ఏదీ కలపకూడదు, ఏదీ వదలకూడదు.
ఎవరు మాట్లాడినా "నేను" అనే చెప్పాలి.

ఇవాళ పొద్దున్నే లూలియో ఆసుపత్రి.
"మూడు ఉత్తరాలు రాశాను,
ఒక్క పరీక్షకీ రాలేదేం?"
అని నేనే అడిగాను, తిగ్రిన్యాలో.
"అందాయి. కాగితం మందంగా ఉంది, మీద ముద్ర ఉంది.
విప్పి చూసి, మళ్ళీ మడిచి
బిస్కెట్ల డబ్బాలో దాచుకున్నాను"
అని నేనే జవాబిచ్చాను, స్వీడిష్‌లో.
నన్ను నేనే మందలించుకుని
నాకు నేనే సంజాయిషీ చెప్పుకున్నట్టుంది.

ఆమె లెతెబ్రహాన్. ఊరు సెనాఫె.
నడుమ సుడాన్ గుడారాలు, లిబియాలో ఒక గిడ్డంగి,
ఒక రాత్రి సముద్రం.
పిల్ల పుట్టి రెండు రోజులు. నెల ముందే వచ్చేసింది.
రెండువేల మూడువందల పది గ్రాములు.
"అంటే ఎంత?" అందామె.
ప్రశ్న అప్పజెప్పాను.
నర్సు మళ్ళీ గ్రాముల్లోనే చెప్పింది.

"పాలకి లేపితే లేవడం లేదు."
"నెల తక్కువ పిల్లలు అంతే. ఒంటి రంగు బాగానే ఉంది."
రెండూ నేనే అన్నాను.

అప్పుడామె గొంతు తగ్గించింది.
"మా రంగు మీద మీకేం తెలుస్తుంది,
రెప్ప ఎత్తి చూడండి.
రాత్రి నానేసిన మెంతుల నీళ్ళలా ఉంది కంటి తెలుపు."

పచ్చగా ఉంది, అనేస్తే అయిపోయేది.
నలభై నిమిషాల్లో ముప్ఫై ఏడు గడిచాయి.
మెంతికి స్వీడిష్ మాట
ఎంతకీ నాలుక మీదికి రాదే!
ఫోను భుజానికి నొక్కిపట్టి
అలమరలో సీసా తిప్పి, లేబుల్ చదివాను.
పొడవాటి మాట. అందులో ఒక మేకపోతు, దాని కొమ్ము.
రాత్రంతా నానిన మెంతుల నీళ్ళ రంగు, అన్నాను.
ఒక్క గింజ వదల్లేదు.

అవతల మాట లేదు.
తర్వాత బూట్ల చప్పుడు. తలుపు. ఇంకో గొంతు.
మడమలో సూది గుచ్చారు కాబోలు,
పిల్ల ఏడవలేదు, మూలిగింది.
అంకెలు నాకిచ్చారు, ఆమెకిచ్చాను.
నీలి దీపం కింద పడుకోబెడతాం,
కళ్ళకు గంతలు కడతాం.
గంతలు అనగానే ఆమె ఊపిరి ఆగింది.
ఆ మాట ఎక్కడ తగిలిందో
అడగమని నాకెవరూ చెప్పలేదు.
"వెలుతురు గుచ్చుకోకుండా" అన్నాను.
నర్సు అనలేదు ఆ మాట.
పదేళ్ళలో మొదటిసారి కలిపాను.

లైను తెగింది. ఫారం నింపాను:
నలభై ఆరు నిమిషాలు. విషయం: ఇతరములు.

మావాళ్ళలో ఆడపిల్ల పుడితే
మూడుసార్లు నాలుకాడించి కేకవేస్తారు.
ఆమెకి అక్కడ ఎవరు వేసుంటారు?
కింది వాటా వాళ్ళు వినకుండా
సన్నగా ఒకటి వేశాను. రెండోది కొంచెం గట్టిగానే వచ్చింది.
మూడోదానికి నోరు తెరిచేసరికి
ఫోను మళ్ళీ మోగింది.
మాల్మో. పళ్ళ డాక్టరు.
"నేను" అని మొదలుపెట్టాను.