ఏడు నదుల తరగతి

కాగితాల్లో వాటి పేరు ఓష్రెమ్ తరగతి భారీ యుద్ధనౌకలు.
మా ఒర్వాల్‌లో ఎవరూ అలా అనరు.
"నీళ్ళు పట్టుకుపోయినవి" అంటారు,
బాకీ ఎగ్గొట్టిన చుట్టాల గురించి చెప్పినట్టు.

పొడవు నాలుగు కిలోమీటర్లు.
ఉక్కు పొర, నీళ్ళు, మళ్ళీ ఉక్కు పొర.
ఆ నడిమి నీళ్ళే కవచం.
దెబ్బ తగిలి పైపొర చిరిగితే
బయటి చీకటి తాకీ తాకగానే
నీళ్ళు గడ్డకట్టి గాయాన్ని మూసేసేవి.
ఇంత తెలివైన ఉపాయం తట్టినవాడు
మా సముద్రాన్ని ఒక్కసారైనా చూశాడో లేదో,
కొలిచి మాత్రం ఉంటాడు.

మొత్తం ఏడు నౌకలు.
ఆ సముద్రంలో కలిసే ఏడు నదుల పేర్లే పెట్టారు.
గౌరవమట.

మా అమ్మమ్మ ఇల్దెక్ ఉప్పు తీసేది.
ఆకాశంలోంచి గొట్టాలు దిగిన ఏడాది
ఒడ్డు రోజుకు పదడుగులు వెనక్కి జరిగిందట.
ఆవిడ చెప్పులు చేత పట్టుకుని
అలల వెనకే నడిచిందట,
అలిగి వెళ్ళిపోతున్న ఆడపడుచుని బతిమాలుతున్నట్టు.
ఎంత దూరం వెళ్ళావే అంటే చెప్పదు.
"కాళ్ళు కాలాయి" అంటుంది, అంతే.

యుద్ధం అయిపోయింది.
ఎవరు గెలిచారో
జీతం చీటీ మీద ముద్ర మారితే తెలిసింది.
నాలుగు నౌకలు ముక్కలయ్యాయి.
ఒకటి ఒక సూర్యుడి దగ్గరికి మరీ వెళ్ళింది.
ఒకటి ఎటు పోయిందో ఎవరికీ తెలీదు;
దీపాలన్నీ ఆర్పుకుని, మా నీళ్ళు మోసుకుంటూ
ఇంకా తిరుగుతూనే ఉందేమో.
ఏడోది, సెల్‌హున్,
నౌకలు విరగ్గొట్టే మా రేవుకి ఈడ్చుకొచ్చారు,
ఒళ్ళంతా తెల్లటి మచ్చలతో.

మచ్చలు కోయడం నా పని.
ఒక్కో మచ్చ ఒక్కో దెబ్బ.
రంపం పెడితే మొదట పొడి మంచు రాలుతుంది,
తర్వాత నీలం, తర్వాత
ఎవరో శ్వాస బిగపట్టినట్టు బుడగలు.
నలభై ఒకటో మచ్చలో చేతితొడుగు కనిపించింది,
వేళ్ళు మడిచి.
లోపల చెయ్యి ఉందో లేదో చూడలేదు.
నాతో పనిచేసే వేద్రో చూశాడు.
ఆ రోజు వాడు అన్నం తినలేదు, నేను అడగలేదు.

అరవై మూడో మచ్చలో నత్త.
గోరంత. పెంకు మీద పసుపు గీత.
మంచుతో సహా కోసి అన్నం డబ్బాలో పెట్టుకున్నాను.
కిందికి దిగే బోను దగ్గర కాపలావాడు డబ్బా ఎత్తి చూశాడు,
బరువు తెలిసింది, నా మొహం చూశాడు,
"వెళ్ళు" అన్నాడు.

అమ్మమ్మ అరచేతిలో
అది కరిగేదాకా ఎవరం మాట్లాడలేదు.
ఏడుస్తుందనుకున్నాను.
కళ్ళు చికిలించి, అటూ ఇటూ తిప్పి,
"చేదు రకం. ఇది తినరు" అంది.
చేతిలోని తడి మాత్రం
మెడకి రాసుకుంది.

ఆ నీళ్ళు ఇప్పుడు కంపెనీవి.
టన్నుల లెక్కన వేలం.
కొన్నవాళ్ళది ఏ గ్రహమో నాకు నోరు తిరగదు.

ఈమధ్య బోనులో అందరి డబ్బాలూ బరువుగా ఉంటున్నాయి.
ఎవరూ ఎవరినీ అడగరు.
దిగగానే ఇళ్ళకి పోకుండా
పాత రేవు మెట్లు దిగి
పగుళ్ళిచ్చిన నేల మీద మూత తీసి వంపుతాం.
చుయ్‌మని ఇంకిపోతుంది.
మొన్న ఆ కాపలావాడు కూడా వచ్చాడు,
సిగ్గుపడుతూ, బకెట్‌తో.

ఈ లెక్కన సముద్రం నిండడానికి
రెండు లక్షల ఏళ్ళు పడుతుందని
వేద్రో గోడ మీద బొగ్గుతో లెక్క కట్టాడు.
అమ్మమ్మ దగ్గరికెళ్ళి చూసింది.
ఒక సున్నా తప్పు వేశావంది.
చెప్పులు విప్పి చేత పట్టుకుని
"పద, చీకటి పడుతోంది" అంది.