పై గడియ

హుస్సేనీ ఆలం ఫీడరు బంద్ చేయించి
స్తంభమెక్కిన. రాత్రి వానకు జంపరు కాలింది.
ఇంకా చీకటే.
రబ్బరు గ్లవుసులల్ల అరచేతులు నానుతున్నయి.

అప్పుడే కింద, ఎదురుంగ,
లక్క గాజులు చేసే తస్లీమ్ బీ
కార్ఖాన తలుపు ముందు ఆగి
రెండు చేతులూ పైకెత్తింది.

పై గడియ. ఎత్తున్నది. మునివేళ్ల మీద నిలబడ్డది.
నిన్నటి చమ్కీ పొడి మోచేతులకు అంటుకునే ఉన్నదో,
చార్మినార్ ఎన్కనుంచి తొలి పొద్దే తగిలిందో,
గల్లీ మొత్తం ఒక్కపారి కనబడ్డది:
మోరీ మీది బండ, దాని మీద పండుకున్న మేక,
తీగకు చిక్కి తడిసిన పతంగి తోక,
నా నిచ్చెన కాళ్లు.
ఆపిన కరెంటు ఆపినట్టే ఉన్నది.

ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఓ ఆదివారం
ఇరవై రూపాయలకు కొన్న పుస్తకంల ఇట్లనే ఉన్నది.
ఉత్తరాన మంచుదేశంల గెర్డ్ అని రాక్షసుల పిల్ల.
రాక్షసి అంటే మనకు కోరలు యాదికొస్తయి.
వాళ్ల కథల ఆమె తలుపు తియ్యబోతే
చేతుల వెలుగు ఆకాశానికీ సముద్రానికీ పాకింది.
ఎత్తుపీట మీద కూసున్న దేవుడొకడు చూసిండు,
చూసి మంచం పట్టిండు.
తను పోలే. నౌకరును తోలిండు.

పదకొండు బంగారు పండ్లు. వద్దన్నది.
ఉంగరం. మా నాయినకు బంగారం కరువా అన్నది.
కత్తి దూసిండు. జంకలే.
ఇగ శాపాలు మొదలువెట్టిండు, ఒకటెన్క ఒకటి,
అన్నం సహించదనీ, తోడు దొరకదనీ.
తొమ్మిది రాత్రుల గడువన్నది పిల్ల.
ఆ తర్వాతి పేజీలు చెదలు తిన్నయి.

దిగిన.
దగ్గర్నుంచి చూస్తే ఆ చేతుల నిండ
మరిగే లక్క చిట్లిన మచ్చలు.
పాతవి తెల్లగ. ఒక్కటి నిన్నటిది,
బొబ్బ ఇంకా పగల్లే.
ఎత్తుపీట దాకా ఇవి కనబడవు.

"ఏం సారూ, చూసుడేనా? లైటెప్పుడొస్తది?"
తాళంచెవి దుపట్టా కొసకు ముడేసుకుంట అడిగింది.
"పది నిమిషాలు."
"మీ పది నిమిషాలు మాకెరుకే."

మళ్ల ఎక్కిన. ఈసారి తీగె దిక్కే చూసిన.

ఫీడరు ఎత్తినంక
ఆమె కార్ఖానల బల్బు వెలిగింది,
నలభై వాట్లది, ఈగల మరకలతోని.
దానికి మీటరున్నది.